నూనె కొనునపుడు: కలకత్తా నేర్పిన పాఠము

పప్పులో రాళ్ళున్న చెరిగినపుడు దొరకును. వంకాయ పుచ్చినదైన కోసినపుడు తెలియును. నూనె విషయము అట్టిది కాదు. అందులో ఏమి కలిసినదో కంటికి కానరాదు. పైగా ప్రతి పోపులోను, ప్రతి కూరలోను అది చేరి ఇంటిల్లిపాది కడుపులోనికి పోవును. కావున ఇంటికి తెచ్చుకొను సరకులలో నూనె కొనుటయందు మిక్కిలి విచక్షణ అవసరము. ఈ సంగతిని కలకత్తా నగరము మిక్కిలి వెల చెల్లించి తెలిసికొనినది.

వాపు వ్యాధి, దాని మూలము

తెలుగువారి వంటయింటిలో నువ్వుల నూనెకు, వేరుసెనగ నూనెకు గల స్థానము వంగదేశమున ఆవనూనెకు కలదు. చేపలు వేయించుటకును, కూరలు వండుటకును అక్కడివారు దానినే వాడుదురు. ఉడికించిన బంగాళాదుంపను మెదిపి, పచ్చి ఆవనూనె కలిపి అన్నముతో తినుట అక్కడ నిత్యకృత్యము.

1877లో కలకత్తాలో ఒక వింత వ్యాధి వైద్యుల దృష్టికి వచ్చెను. రోగులకు రెండు కాళ్ళును వాచుచుండెను. విరేచనములు, ఆయాసము, గుండె బలహీనత తోడగుచుండెను. కొందరికి కంటిలో ఒత్తిడి హెచ్చి చూపు దెబ్బతినుచుండెను. ఒకే ఇంటిలో పలువురు ఒక్కసారిగా మంచము పట్టుచుండిరి. తల్లిపాలు మాత్రమే త్రాగు శిశువులు సాధారణముగా దీని వాత పడకుండిరి. వైద్యులు దీనికి ఎపిడెమిక్ డ్రాప్సీ అని పేరిడిరి. ఇది బెరిబెరి వంటిదనియు, చెడిన బియ్యము వలన కలుగుననియు చాలకాలము పలువురు తలచిరి.

1926లో ఎస్. ఎల్. సర్కార్ అను వైద్యుడు అనుమానమును బియ్యము నుండి నూనెవైపు మరల్చెను. 1932లో కలకత్తాలో అఖిల భారత పారిశుద్ధ్య ప్రజారోగ్య సంస్థ వెలసినది. ఆ సంస్థకు చెందిన డాక్టర్ ఆర్. బి. లాల్, ఆయన సహచరులు 1937 మొదలు కొన్ని సంవత్సరములు పరిశోధించి, ఆవనూనెలో కలిసిన బ్రహ్మదండి గింజల నూనెయే ఈ వ్యాధికి కారణమని నిరూపించిరి. అందలి విషపదార్థము సాంగ్వినరిన్ అని 1948లో తేలినది.

బ్రహ్మదండి తెలుగునాట కూడ బీళ్ళలోను, పొలము గట్లపైనను పెరుగు ముళ్ళ మొక్క. దీని పూలు పసుపుపచ్చగా నుండును. గింజలు ఆవగింజలను పోలియుండును. ఆవచేలలో ఈ మొక్క మొలచినచో కోతలో గింజలు కలిసిపోవుట కలదు. లాభాపేక్షతో తెలిసియే కలుపుటయు కలదు. తినువానికి మాత్రము రెండును ఒక్కటే. ఈ ప్రమాదము పాతకాలముతో ముగిసిపోలేదు. 1998లో ఢిల్లీలో ఇదే వ్యాధి వ్యాపించి 60 మందికి పైగా మరణించిరి.

బెహలాలో జరిగినది

1988లో కలకత్తా నగరములోని బెహలా ప్రాంతమున మరియొక విపత్తు సంభవించెను. వందలమంది పాదములు, కాళ్ళు చచ్చుబడి నడువలేకపోయిరి. విచారింపగా వారు వాడిన వంటనూనెలో ట్రైక్రెసిల్ ఫాస్ఫేట్ అను పారిశ్రామిక రసాయనము కలిసియున్నట్లు తేలినది. యంత్రములకు, ప్లాస్టిక్ తయారీకి ఉపయోగించు ఈ పదార్థము నరములను దెబ్బతీయును. దానిని నోటికి రుచి తెలుపదు, కంటికి రంగు తెలుపదు.

ఈ రెండు ఉదంతముల సారము ఒక్కటే. నూనె ఘాటుగా నున్నది, రంగు బాగున్నది, ధర చౌకగా నున్నది అను మూడు గుర్తులును నూనె మంచిదనుటకు సాక్ష్యములు కావు. ఎవరు తయారుచేసిరో తెలియని నూనె ఎంత చౌకయైనను కొనదగినది కాదు. పావలా మిగులునని తెచ్చిన నూనె ఇంటి యజమానిని మంచమున పడవేసినచో, ఆ ఇంటి సంపాదన యంతయు వైద్యమునకే చాలదు.

కొనువారు చేయవలసినది

డబ్బానుండి కొలిచి పోయు విడి నూనెను కొనరాదు. 1998 నాటి విపత్తు తరువాత కేంద్ర ప్రభుత్వము వంటనూనెలను ప్యాకెట్లలోనే అమ్మవలెనని ఉత్తర్వు చేసెను. ఏ పూటకాపూట కొనుక్కొను కుటుంబములకు చిన్న ప్యాకెట్లును దొరకును.

సీలు చెదరని ప్యాకెట్టును మాత్రమే తీసికొనవలెను. దానిపై తయారీదారుని పేరు, చిరునామా, తయారైన తేదీ, 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు సంఖ్య ఉన్నవో లేవో చూడవలెను. ఆవనూనెలో ఇతర నూనెలు కలిపి అమ్ముటపై నిషేధము 2021 జూన్ 8 నుండి అమలులోనికి వచ్చినది.

ఆవాలు కొని గానుగ ఆడించుకొనువారు గింజలను ముందుగా పరీక్షించుకొనవలెను. ఆవగింజ నున్నగా నుండును. నలిపిన లోపల పసుపుపచ్చగా కనబడును. బ్రహ్మదండి గింజ గరుకుగా నుండును. నలిపిన లోపల తెల్లగా కనబడును. నూనెను నైట్రిక్ ఆమ్లముతో పరీక్షించు పద్ధతియు కలదు గాని, ఆ ఆమ్లము చర్మమును కాల్చును గనుక ఇంటిలో ఆ పని చేయరాదు.

కొనిన ప్రతిసారియు రసీదు అడిగి తీసికొని, నూనె అయిపోవువరకు దాచవలెను.

ఇంటిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి కాళ్ళు వాచినను, విరేచనములతో ఆయాసము కలిగినను, కాళ్ళలో పటుత్వము తగ్గినను, ఆ నూనె వాడకమును వెంటనే ఆపి ఆసుపత్రికి పోవలెను. మిగిలిన నూనెను పారబోయక, ప్యాకెట్టుతో సహా భద్రపరచి ఆహార భద్రతాధికారికి తెలుపవలెను. ఆ కొద్ది నూనెయే ఇరుగుపొరుగు ఇండ్లను కాపాడగల ఆధారము.

చట్టము ఇచ్చిన హక్కు

ఆహార కల్తీ నిరోధక చట్టము 1954లో వచ్చి, 1955 జూన్ 1 నుండి అమలైనది. దాని స్థానమున 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణముల చట్టము వచ్చినది. దీని 40వ సెక్షను ప్రకారము, కొనువాడు తాను కొను పదార్థమును పరీక్షకు పంపదలచినట్లు అమ్మువానికి అప్పుడే తెలిపి, రుసుము చెల్లించి, ఫుడ్ అనలిస్టుచే పరీక్ష చేయించుకొనవచ్చును. దోషము తేలినచో ఆ రుసుము తిరిగి లభించును. హానికర ఆహారము వలన మరణము సంభవించినచో యావజ్జీవ కారాగార శిక్ష వరకు విధింపవచ్చును.

అయితే శిక్ష పడునది నష్టము జరిగిన పిమ్మట. అంతకు ముందే ఆ నష్టమును అంగడి గుమ్మమున ఆపగలవారు కొనువారే. ప్యాకెట్టును త్రిప్పి నాలుగు పంక్తులు చదువుటకు క్షణకాలము చాలును. చదువు రాని పెద్దలున్న ఇంటిలో బడికి పోవు పిల్లలచే ఆ పని చేయింపవచ్చును.