లేటెస్ట్ ట్యాగ్‌ని నమ్మొద్దు: భద్రాచలం వరద స్క్రీన్ నాకు నేర్పిన గిట్‌ఆప్స్

ఈరోజు టాపిక్ గిట్‌ఆప్స్. రెజిస్ట్రీలో ఉన్న కంటైనర్ ఇమేజ్‌ని మనం చేత్తో సర్వర్ మీదకి తోయకుండా, సర్వరే వచ్చి తీసుకునేలా ఎలా పెట్టాలో చూద్దాం. కుబర్నెటిస్ కొద్దిగా తెలిస్తే చాలు. ముందు నేను చేసిన తప్పు చెప్తాను, తర్వాత కాన్సెప్ట్‌లోకి వెళ్దాం.

మాది ఖమ్మం. గోదావరికి వరదొస్తే మా వైపు అందరూ అడిగేది ఒకటే, భద్రాచలం దగ్గర ఎన్ని అడుగులుంది అని. 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో అయితే 71.3 అడుగుల దాకా వెళ్ళింది. అందుకే ఫ్రెండ్స్‌మి కలిసి ఒక చిన్న యాప్ చేశాం. భద్రాచలంలో ఒక సహాయ కేంద్రంలో మినీ పీసీ, దానికో టీవీ. వాలంటీర్ ఫోన్‌లో నీటిమట్టం కొడతాడు. టీవీలో ఆ అంకె, ఏ హెచ్చరిక నడుస్తోంది, ఏ రోడ్డు మునిగింది అనేవి కనిపిస్తాయి. అంతా లోకల్ వైఫై మీదే. నెట్ పోయినా నడవాలి, అసలు పాయింటే అది.

నేను ఖమ్మంలో కూర్చుని లాప్‌టాప్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో వెళ్ళి డిప్లాయ్ చేసేవాణ్ణి. ఇమేజ్ ట్యాగ్ ఏం పెట్టాను? లేటెస్ట్. ఒక రాత్రి వానకి కరెంట్ పోయింది. కాసేపటికి కరెంట్ వచ్చింది, మెషీన్ ఆన్ అయింది, నెట్ మాత్రం రాలేదు. వాలంటీర్ ఫోన్ చేసి, "అన్నా, స్క్రీన్ రావట్లేదు, జనం అడుగుతున్నారు" అన్నాడు. లోపలికెళ్ళి చూద్దామంటే నెట్ లేదు కదా! పాపం వాళ్ళు తెల్లార్లూ చార్టు మీద మార్కర్‌తో అంకెలు రాసి గోడకి అంటించారు.

పొద్దున నెట్ వచ్చాక చూస్తే ఎర్రర్ ఇది: ఇమేజ్ పుల్ బ్యాకాఫ్. విచిత్రం ఏంటంటే, ఆ ఇమేజ్ మెషీన్ డిస్క్‌లోనే ఉంది! మరి ఎందుకు స్టార్ట్ అవ్వలేదు?

ఇక్కడ జాగ్రత్తగా వినండి. కుబర్నెటిస్‌లో ఇమేజ్ పుల్ పాలసీ అని ఒకటుంటుంది. మనం ఏమీ రాయకపోతే అదే డిసైడ్ చేసుకుంటుంది. ట్యాగ్ లేటెస్ట్ అయినా, అసలు ట్యాగే లేకపోయినా పాలసీ "ఆల్వేస్" అవుతుంది. అంటే కంటైనర్ స్టార్ట్ అయిన ప్రతిసారీ రెజిస్ట్రీని అడగాలి, "లేటెస్ట్ అంటే ఇప్పుడు ఏది?" అని. రెజిస్ట్రీ పలకకపోతే, డిస్క్‌లో ఇమేజ్ ఉన్నా స్టార్ట్ చేయదు. ఎందుకంటే లేటెస్ట్ అనేది స్టిక్కర్ లాంటిది. నిన్న ఈ డబ్బా మీద ఉంది, ఈరోజు పీకి ఇంకో డబ్బాకి అంటించొచ్చు.

డబ్బాని లోపలి సరుకుతో గుర్తుపట్టాలంటే డైజెస్ట్ వాడాలి. ఇమేజ్ పేరు తర్వాత ఎట్ గుర్తు, ఎస్‌హెచ్‌ఏ 256, తర్వాత 64 అక్షరాలు. ఇమేజ్‌లో ఒక్క బైట్ మారినా డైజెస్ట్ మారిపోతుంది. డైజెస్ట్ రాస్తే డీఫాల్ట్ పాలసీ "ఇఫ్ నాట్ ప్రెజెంట్". అంటే డిస్క్‌లో ఉంటే అదే వాడు, లేకపోతేనే తెచ్చుకో అని. ఒక చిన్న మెలిక ఉంది. ఈ డీఫాల్ట్ డిప్లాయ్‌మెంట్ మొదటిసారి క్రియేట్ అయినప్పుడే ఫిక్స్ అవుతుంది. తర్వాత మీరు లేటెస్ట్ తీసేసినా "ఆల్వేస్" అలాగే ఉండిపోతుంది. కాబట్టి పాలసీని యామల్‌లో మీరే రాసేయండి.

సరే, ఇప్పుడు రెండో సగం. డిక్లరేటివ్ అంటే ఏంటి? ఇంటి మీద వాటర్ ట్యాంక్ ఉందనుకోండి. "మోటార్ వెయ్యి, ఇరవై నిమిషాలయ్యాక ఆపు" అంటే అది ఆర్డర్. మధ్యలో కరెంట్ పోతే లెక్క తప్పుతుంది. "ట్యాంక్ నిండుగా ఉండాలి" అని ఫ్లోట్ స్విచ్ పెడితే? నీళ్ళు తగ్గినప్పుడల్లా అదే మోటార్ వేస్తుంది, నిండగానే ఆపుతుంది. గిట్‌ఆప్స్ అంతే. ఏం నడవాలో గిట్‌లో రాసి పెడతాం. క్లస్టర్ లోపల ఒక ఏజెంట్ గిట్‌ని, క్లస్టర్‌ని పోల్చి చూస్తూ, తేడా ఉంటే సరిచేస్తుంది.

గిట్‌ఆప్స్ అనే పేరు 2017లో వీవ్‌వర్క్స్ కంపెనీ నుంచి వచ్చింది. ఫ్లక్స్ టూల్ కూడా వాళ్ళు మొదలుపెట్టిందే. ఆర్గో సీడీని ఇన్‌ట్యూట్ ఓపెన్ సోర్స్ చేసింది. రెండూ 2022లో సీఎన్‌సీఎఫ్‌లో గ్రాడ్యుయేట్ అయ్యాయి.

ఇప్పుడు మా సెటప్ ఇలా ఉంది. మినీ పీసీ మీద కే త్రీ ఎస్, అందులో ఫ్లక్స్. కోడ్ మెర్జ్ చేయగానే సీఐ ఇమేజ్ బిల్డ్ చేసి రెజిస్ట్రీకి పంపుతుంది, కొత్త డైజెస్ట్‌తో గిట్‌లో పుల్ రిక్వెస్ట్ పెడుతుంది. మాలో ఒకరు చూసి మెర్జ్ చేస్తారు. ఫ్లక్స్ గిట్‌లో మార్పు చూసుకుని, తనే తెచ్చి అప్లై చేస్తుంది. బయట నుంచి ఎవరూ లోపలికి రానక్కర్లేదు, మెషీనే బయటికి వచ్చి అడుగుతుంది. మా అడవి అంచున, చర్ల, దుమ్ముగూడెం వైపు సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది కదా, అలాంటి చోట్ల ఇదే పెద్ద లాభం. నెట్ లేకపోతే ఉన్న వెర్షన్ అలాగే నడుస్తుంది. నెట్ వచ్చాక, మధ్యలో గిట్‌లో మూడు మార్పులు జరిగినా నేరుగా చివరిదానికి వెళ్తుంది.

కొత్త ఇమేజ్ సగంలో ఆగిపోతే? డిప్లాయ్‌మెంట్ డీఫాల్ట్ సెట్టింగ్స్‌లో, ఒకటే పాడ్ ఉన్నప్పుడు, కొత్తది రెడీ అయ్యేదాకా పాతది చావదు. కానీ రెడీనెస్ ప్రోబ్ పెట్టడం మర్చిపోకండి. లేకపోతే కంటైనర్ లేచిందంటే చాలు, యాప్ రెడీ అనుకుంటుంది.

ఇంకొన్ని జాగ్రత్తలు. ఒకటి, రోల్‌బ్యాక్ అంటే గిట్ రివర్ట్. అయితే డిస్క్ 85 శాతం దాటితే కుబెలెట్ వాడని ఇమేజ్‌లని తీసేస్తుంది. పాత ఇమేజ్ పోతే రోల్‌బ్యాక్‌కి మళ్ళీ నెట్ కావాలి. డిస్క్ ఖాళీ ఉంచుకోండి, ఇమేజ్ చిన్నగా చేయండి. రెండు, పాస్‌వర్డ్‌లు, రెజిస్ట్రీ టోకెన్లు గిట్‌లో మామూలుగా పెట్టొద్దు. మూడు, ఆర్గో సీడీ వాడేవాళ్ళకి: ఎవరైనా చేత్తో మార్చింది వెనక్కి తిప్పాలంటే సెల్ఫ్ హీల్ ఆన్ చేయాలి, డీఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. నాలుగు, కొత్త ఇమేజ్ రాగానే గిట్‌ని అదే మార్చేసే టూల్స్ ఉన్నాయి. ఆర్గోకి ఇమేజ్ అప్‌డేటర్, ఫ్లక్స్‌కి ఇమేజ్ ఆటోమేషన్. మంచివే. కానీ వరద సీజన్‌లో నేను వాటిని ఆపేస్తాను. 47 అడుగుల దగ్గర నీళ్ళున్నప్పుడు ఏ మార్పు వెళ్ళాలో ఒక మనిషి చూడాలి.

అన్నీ సెట్ చేశాక ఏం చేశామో తెలుసా? ఎండాకాలంలోనే భద్రాచలం వెళ్ళి, రౌటర్ కేబుల్ పీకేసి, మెషీన్ ప్లగ్ పీకి మళ్ళీ పెట్టాం. స్క్రీన్ వచ్చింది. చార్టు, మార్కర్ మాత్రం ఇప్పటికీ ఆ టీవీ పక్కనే ఉన్నాయి, తీయొద్దని నేనే చెప్పాను.

మీకు హోంవర్క్. మీ ప్రాజెక్ట్ యామల్ తెరిచి, లేటెస్ట్ అని ఎన్ని చోట్ల ఉందో లెక్కపెట్టండి. తర్వాత నెట్ ఆపేసి ఒకసారి రీస్టార్ట్ చేయండి. ఏమైందో కామెంట్‌లో రాయండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను మరి!