ధనంపై భరోసా, రేపటిపై ధీమా: క్రైస్తవ గ్రంథాల దృష్టిలో

 

ప్రతి శుక్రవారం మనం పఠించే కహఫ్ సూరాలో రెండు తోటల యజమాని వృత్తాంతం ఉంది. తన తోట ఎన్నటికీ నశించదని అతడు నమ్మాడు. తీరా అది పందిళ్లతో సహా కూలిపోయినప్పుడు, దానిపై పెట్టిన ఖర్చును తలచుకొని చేతులు నలుపుకుంటూ మిగిలాడు. దీనికి సమీప బంధువు వంటి ఉపమానం ఒకటి మన క్రైస్తవ సోదరులు చదివే లూకా సువార్త 12వ అధ్యాయంలో కనిపిస్తుంది. క్రైస్తవ బోధ అంటే ధనాన్ని ద్వేషించి లోకాన్ని విడిచిపొమ్మనడమేనని మనలో పలువురు తలుస్తారు. అది సగం మాట. మనకు గీటురాయి దివ్యఖుర్ఆనే. అయినా పొరుగువాడు ఏమి నమ్ముతున్నాడో సరిగా వినకుండా అతని గురించి మాట్లాడటం న్యాయం కాదు. కనుక ఈ వారం ఆ గ్రంథాలలోని మాటను వివరించదలిచాము.

ఆ ఉపమానం పుట్టిన సందర్భం ఆస్తి తగాదా. జనసమూహంలో నుండి ఒకడు లేచి, తండ్రి ఆస్తిలో తన వాటా పంచి ఇమ్మని సోదరునికి చెప్పవలసిందిగా హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) ను కోరాడు. ఆయన పంపకందారుగా ఉండటానికి నిరాకరించి, ఒక రైతు కథ చెప్పారు. రైతుకు పంట విరగపండింది. ధాన్యం పోయడానికి చోటు చాలలేదు. ఉన్న కొట్లు విప్పి ఇంకా పెద్దవి కట్టిస్తాననీ, ఇక అనేక సంవత్సరాలు తిని త్రాగి సుఖిస్తాననీ తనలో తానే చెప్పుకున్నాడు. ఆ రాత్రే అతని ప్రాణం అడగబడింది. కూడబెట్టినదంతా ఇప్పుడు ఎవరిదవుతుందన్న ప్రశ్నతో కథ ముగుస్తుంది. వాటా కోసం వచ్చినవానికి అంతకంటే సూటి జవాబు ఏముంటుంది?

ఇక్కడ రెండు విషయాలు గమనించదగినవి. ఆ రైతు దొంగ కాడు, మోసగాడు కాడు. పొలం అతనిదే, పంట అతనిదే. అయితే అతని మాటల్లో మరొక మనిషి ఊసే లేదు. కోసిన కూలీ లేడు, పొరుగువాడు లేడు, పంట ఇచ్చిన ప్రభువూ లేడు. రెండవది, ప్రాణం ‘అడగబడింది’ అన్నచోట గ్రీకు మూలంలో ఉన్న క్రియకు ఇచ్చినదాన్ని తిరిగి కోరడం అని అర్థం. అప్పు వసూలుకు సైతం ఆ క్రియనే వాడతారు. మనం అమానతు అనేది దీనినే. కహఫ్ సూరాలో తోట పోయింది, మనిషి మిగిలాడు. లూకాలో మనిషి పోయాడు, ధాన్యం మిగిలింది. రెండింటిలోనూ తెగిపోయింది ఒకే ముడి.

మత్తయి సువార్త 6వ అధ్యాయంలో, దేవునికీ ధనానికీ ఒకేసారి దాస్యం చేయడం కుదరదన్న బోధ ఉంది. తెలుగు బైబిలు ‘సిరి’ అని అనువదించిన ఆ పదం మూలంలో ‘మామోను’ అనే అరామిక్ పదం. నమ్మకాన్ని సూచించే ధాతువు నుండి అది వచ్చిందనీ, ‘దేనిపై భరోసా పెట్టుకుంటామో అది’ అని దాని అర్థమనీ కొందరు భాషావేత్తల అభిప్రాయం. ఆ ధాతువు మనకు కొత్త కాదు. ఈమాన్, అమానత్, ఆమీన్ దాని సంతానమే. ఈ అభిప్రాయమే నిజమైతే ఆ పేరులోనే ప్రమాదం దాగి ఉంది: ఈమాన్‌కు చెందవలసిన చోటును డబ్బు ఆక్రమించడం.

క్రైస్తవులందరూ దీనిని ఒకే విధంగా ఆచరించలేదు. ఈజిప్టుకు చెందిన ఆంథొని ఆస్తి వదులుకొని ఎడారికి వెళ్లాడు. అంతకుముందే, క్రీ.శ. 200 ప్రాంతంలో, అలెగ్జాండ్రియా పండితుడు క్లెమెంటు తొలగించవలసింది ధనంపై వ్యామోహమనీ, అందరూ ధనాన్ని పారవేస్తే పేదలకు పెట్టేవారు ఎవరనీ వాదించాడు. మాకు క్లెమెంటు మాటే సబబుగా తోస్తుంది. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) ఏడేళ్ల పంటను నిల్వ చేయించిన సంగతి వారి గ్రంథంలోనూ ఉంది, మన గ్రంథంలోనూ ఉంది. ఆ నిల్వ కరువునాడు జనం కడుపు నింపడానికి.

ఈ వ్యత్యాసాన్ని అందరికంటే గట్టిగా చెప్పినవాడు బాసిల్. నేటి తుర్కియేలోని కైసేరి పట్టణం ఆనాడు రోమను సామ్రాజ్యంలోని సీజరియా. క్రీ.శ. 369 ప్రాంతంలో అక్కడ కరువు వచ్చింది. కొట్లలో ధాన్యం ఉంది, వీధుల్లో ఆకలి ఉంది. తరువాతి కాలంలో ఆ నగరానికి బిషప్ అయిన బాసిల్, లూకాలోని ఈ రైతు కథపై చేసిన ప్రసంగం నేటికీ లభిస్తోంది. కొట్లు చాలలేదని చింతించే ధనికునికి ఆయన చూపిన కొట్లు పేదల కడుపులు. అవసరానికి మించి దాచిన రొట్టె ఆకలిగొన్నవానిదనీ, పెట్టెలో మూలుగుతున్న వస్త్రం బట్టలేనివానిదనీ ఆయన వాదం. ధర పెరగడం కోసం ధాన్యాన్ని ఆపిపెట్టే వర్తకులనూ ఆయన వదలలేదు. మన షరీఅతులో ఇహ్తికార్ అనబడే పాపం ఇదే. ఆయన మాటలతో ఆగలేదు. దాచినవారి చేత కొట్లు తెరిపించి, ఆకలిగొన్నవారిని ఒకచోట చేర్చి స్వయంగా వడ్డించాడని మిత్రుడు గ్రెగరీ రాశాడు.

రేపటి సంగతిని యాకోబు పత్రిక ఇంకా నేరుగా చెబుతుంది. ఫలానా పట్టణానికి వెళ్లి ఒక సంవత్సరం ఉండి వ్యాపారం చేసి లాభం గడిస్తామని లెక్కలు వేసే వర్తకులను 4వ అధ్యాయం మందలిస్తుంది. జీవితం కొంతసేపు కనిపించి మాయమయ్యే ఆవిరి వంటిదనీ, ప్రభువు చిత్తమైతే బ్రతికి ఉండి ఇది చేస్తామని చెప్పుకోవాలనీ బోధిస్తుంది. వ్యాపారాన్ని నిషేధించలేదు, ప్రయాణాన్నీ నిషేధించలేదు. తెలుగు క్రైస్తవులు నేటికీ ‘దేవుని చిత్తమైతే’ అనడం మీరు వినే ఉంటారు. కహఫ్ సూరాలో అల్లాహ్ తన ప్రవక్తకు నేర్పిన మర్యాద కూడా ఇదే కదా: ‘ఇన్షా అల్లాహ్’ అనకుండా రేపు ఫలానా పని చేస్తాననవద్దని.

అయితే యాకోబు అక్కడితో ఆగడు. వెంటనే 5వ అధ్యాయంలో, పొలం కోసిన కూలీలకు ధనికులు బిగబట్టిన కూలి మొరపెడుతోందని అంటాడు. రేపటి గురించిన మాట నుండి కూలి గురించిన మాటకు ఎందుకు దాటాడు? ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పక తప్పదు. తాపీమేస్త్రీ పని ముగించి నిలబడితే ‘రేపు రా, ఇన్షా అల్లాహ్’ అంటాము. దర్జీకి, పాలవానికి, అప్పిచ్చినవానికి అదే జవాబు. కొందరి ఇళ్లలో భార్యకు చెల్లించవలసిన మహర్ కూడా ఆ మాట మాటునే ఏళ్ల తరబడి నిలిచిపోతోంది. చెమట ఆరకముందే కూలి ఇమ్మని ఆదేశించిన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) సముదాయం మనది. మన బజారులో ఆ పవిత్ర వాక్యానికి ‘ఇప్పట్లో ఇవ్వను’ అనే అర్థం స్థిరపడుతోంది. ముస్లిమేతర కూలీ ఒకడు దానిని ఎగవేత మాటగా అర్థం చేసుకుంటే, ఆ భారం ఎవరి మెడపై పడుతుంది?

ఖలమ్ సూరాలోని తోటవారిని ఒకసారి తలచుకోండి. తెల్లవారగానే పంట కోసుకుంటామని వారు ప్రమాణం చేశారు. ఏ పేదవాడూ తోటలోకి రాకూడదని గుసగుసలాడుకుంటూ పెందలకడే బయలుదేరారు. రాత్రి వారు నిద్రలో ఉండగానే తోట తుడిచిపెట్టుకుపోయింది. వారి తప్పును చెప్పే చోట ఖుర్ఆన్ ‘లా యస్తస్నూన్’ అనే పదం వాడింది. వ్యాఖ్యాతలు దానికి రెండు అర్థాలు చెప్పారు: వారు ‘ఇన్షా అల్లాహ్’ అనలేదని ఒకటి, పేదల వాటాను విడిచిపెట్టలేదని మరొకటి.