వరిమడిలో గాలి యెంత లోతు పోవును?

సంఘములో అప్పుచేసి తెచ్చిన 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని సుమారు 20 కిలోల 700 గ్రాములు గలదు. దానిని నిలువ నీటిపై చల్లినచో పైరునకు చేరునది కొంతభాగము మాత్రమే. తక్కిన దానిలో చాలభాగము గాలిపాలగును. ఈ నష్టమునకు మూలము మడి పైపొరలో గలదని జపాను శాస్త్రజ్ఞుడగు షియొయిరి మొదలగువారు పూర్వమే చెప్పియుండిరి. ఆ పొర మందమెంతయో కొలుచుట మాత్రము సులభము గాదు. మట్టిని పెకలించినంతనే గాలి సోకి దాని స్థితి మారిపోవును.

వెండ్రుకకంటె సన్ననిమొన గల యొక సూది ఈ చిక్కును విడదీసినది. అమెరికా దేశీయుడగు లీలాండ్ క్లార్క్ రక్తములోని ప్రాణవాయువును కొలుచు ఎలక్ట్రోడును 1956లో ప్రకటించెను. డెన్మార్కు శాస్త్రజ్ఞుడగు నీల్స్ పీటర్ రెవ్స్‌బెక్ అట్టి సాధనమును మిక్కిలి సూక్ష్మముగా నిర్మించి, 1989లో మెరుగైన రూపమును వెలువరించెను. సన్నని గాజుగొట్టములో ప్లాటినపుతీగ, దాని కొనకు బంగారుపూత, గొట్టపుమొనకు సిలికోను పొర యుండును. ఇందు రెండు జల్లెడలు గలవని తలపవచ్చును. సిలికోను పొర వాయువులను పోనిచ్చి, నీటిలోని లవణములను ఆపును. బంగారుకొనపై నుంచిన సుమారు 0.8 వోల్టుల ఋణవిద్యుత్తునకు నత్రజని వాయువు చలింపదు, ప్రాణవాయువు మార్పుచెందును. అప్పుడు పుట్టు విద్యుత్ప్రవాహమే ప్రాణవాయువునకు కొలత. మొన అతిసూక్ష్మమగుటచే అది హరించు ప్రాణవాయువు లెక్కింపదగినంత యుండదు.

ఇట్టి సూదులను నీరు నిలిచిన మట్టిలోనికి మెల్లగా దింపిచూడగా, ప్రాణవాయువు కొలది మిల్లీమీటర్లలోనే అంతరించుచున్నదని తేలినది. పగలు పాచి విడుచు ప్రాణవాయువుచే ఆ పొర కొంత మందమగును, రాత్రి పలుచబడును.

యూరియా మడిలో అమ్మోనియాగా మారును. పైపొరలోని సూక్ష్మజీవులు దానిని నైట్రేటుగా మార్చును. ఆ నైట్రేటు క్రిందికి దిగగా, ప్రాణవాయువు లేనిచోట మరికొన్ని సూక్ష్మజీవులు దానిని నత్రజని వాయువుగా జేసి విడిచిపెట్టును. ఇదిగాక, పగటివేళ పాచివలన నీరు క్షారమగుటచే అమ్మోనియా కొంత తిన్నగా ఎగిరిపోవును. క్రిందిపొరలో నున్న అమ్మోనియా మాత్రము బంకమట్టిని పట్టుకొని వేళ్లకు అందుచుండును.

కావున రైతు సోదరులకు మేము చెప్పునది యిది. మొదటి పాలు యూరియాను ఆఖరి దమ్ములో, నీరు తీసి, మట్టిలో బాగుగా కలియదున్నవలెను. పిలకలు వేయునప్పుడును, చిరుపొట్ట దశయందును వేయు పాళ్లను బురద పదునులో చల్లి, 36 మొదలు 48 గంటల పిమ్మట పలుచగా నీరు పెట్టవలెను. పెద్ద గుళికల యూరియా దొరకినచో, నాలుగు మొక్కల నడుమ 7 మొదలు 10 సెంటీమీటర్ల లోతున నాటవచ్చును. వేపపూత గల యూరియా నైట్రేటుగా మారుటను ఆలస్యము చేయును గాని, నిలువ నీటిపై చల్లిన నష్టమును పూర్తిగా మాన్పజాలదు. ఈ పద్ధతికి కావలసినది అదనపు బస్తా గాదు. నీరు తీయుటకును పెట్టుటకును కొంత శ్రద్ధ మాత్రమే.