ద్వాపర యుగంలో జిలేబి

“సముద్రపు దొంగల సినిమాలో దొర్లిన తప్పుల మీద ముఖచిత్ర కథనం కావాలి. గురువారానికల్లా పంపండి” అన్నారు ఎడిటర్ గారు. 2003లో వచ్చిన ‘పైరేట్స్ ఆఫ్ ద కరీబియన్’ తొలి భాగంలో తప్పులకు కరువేం లేదు. చివర్లో జాక్ స్పారో ఓడ మీద హుకుం జారీ చేస్తుంటే, ఓ పక్కన తెల్ల టీషర్టు వేసుకుని, కౌబాయ్ టోపీ పెట్టుకున్న యూనిట్ మనిషి తాపీగా నిలబడి ఉంటాడు. కథ మొదలయ్యే పోర్ట్ రాయల్ పట్నం 1692 జూన్ 7 భూకంపానికి చాలావరకు సముద్రంలో కలిసిపోయింది. తెర మీద మాత్రం 18వ శతాబ్దపు దుస్తుల్లో కళకళలాడుతుంది.

అయినా మన ‘మాయాబజార్’ ఉండగా కరీబియన్ దాకా ఎందుకు?

ఘటోత్కచుడు విడిదింట్లో విందుకు కూర్చున్న ఘట్టం చూడండి. పళ్లేలు వాటంతటవే జరిగొస్తాయి, లడ్డూలు ఎగిరొచ్చి నోట్లో పడతాయి. గారెలు, బూరెలు, అరిసెలు సరే. అప్పుడతను పాడే పాటలో జిలేబి కూడా ఉంది! జిలేబికి మూలమైన ‘జలాబియా’ వంటకం 10వ శతాబ్దపు బాగ్దాద్ వంటల పుస్తకంలో కనిపిస్తుంది. అక్కణ్నుంచి మన దేశానికి వచ్చిన తీపి, ద్వాపర యుగంలో ఘటోత్కచుడి పళ్లెంలోకి ఎలా చేరింది? నాటకాల వాళ్లు చేర్చారు. ఆ పాట సినిమా కన్నా ముందే రంగస్థలం మీద ఉంది. పెళ్లి భోజనమంటే ప్రేక్షకుడి నోరూరాలి. అందుకే సినిమాలో కౌరవుల పురోహితులు శర్మ, శాస్త్రుల నోట గోంగూర మాట కూడా వచ్చింది.

వయసుల సంగతి ఇంకా తమాషా. అన్న బలరాముడు గుమ్మడి 1927లో పుట్టారు. తమ్ముడు కృష్ణుడు ఎన్టీఆర్ 1923లోనే పుట్టారు. మేనమామ కృష్ణుడికీ మేనల్లుడు అభిమన్యుడికీ తేడా ఏడాది పైచిలుకే, అక్కినేని పుట్టింది 1924లో. కృష్ణుడికి మొక్కే ఘటోత్కచుడు ఎస్వీ రంగారావు వీళ్లందరికన్నా పెద్ద, 1918. సినిమా నడుస్తుండగా ఈ లెక్క ఎవరికి గుర్తొస్తుంది?

అసలు తప్పు కథలోనే ఉందంటారు పండితులు. వ్యాస భారతంలో అభిమన్యుడి భార్య ఉత్తర. సినిమాలో అతను పెళ్లాడే శశిరేఖ ఊసే లేదు. ఈ ఆక్షేపణ నాగల్‌గిద్దలో నిలవదు. బీదర్ సరిహద్దు మండలం ఇది. ఇది ఉన్న నారాయణఖేడ్ తాలూకా 1956 దాకా బీదర్ జిల్లాలోదే. చుట్టూ మూడు భాషలు. బలరాముడి కూతురు తెలుగులో శశిరేఖ, మరాఠీలో వత్సల, కన్నడ యక్షగానంలో కనకాంగి. మూడు భాషల జనం తరతరాలుగా పెళ్లి చేస్తూ వచ్చిన పిల్లను ‘లేదు’ అనడం ఎవరి తరం?

క్లుప్తంగా ‘మాయాబజార్’
విడుదల: 1957 మార్చి 27
సంస్థ: విజయా
దర్శకుడు: కె.వి.రెడ్డి
కెమెరా: మార్కస్ బార్‌ట్లే
ఇదే కథతో తొలి తెలుగు టాకీ: 1936
రంగుల్లో మళ్లీ విడుదల: 2010
తెర మీద ఒక్కసారీ కనిపించనివారు: పంచపాండవులు

కౌబాయ్ టోపీ ఎవరూ చూసుకోక దొర్లిన తప్పు. జిలేబి తెలిసి వడ్డించింది. మొదటిదాన్ని పట్టుకుని నవ్వుకుందాం. రెండోదాన్ని మాత్రం తప్పుల పట్టీలోంచి కొట్టేయాల్సిందే.