గుడ్డులోని గంధకం - గడ్డలోని బాక్టీరియా

ఎక్కువసేపు ఉడికిన గుడ్డును రెండుగా చేస్తే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చని గీత కనిపిస్తుంది. కుళ్ళిందేమోనని మన మెస్‌లో చిన్న తరగతుల తమ్ముళ్ళు పక్కన పెట్టేస్తుంటారు. అది కుళ్ళు కాదు. తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసి ఏర్పడిన ఐరన్ సల్ఫైడ్. నిరభ్యంతరంగా తినవచ్చు.

ఈ గంధకం, ఇనుము మనకెంత అవసరమో మనలో చేరే రోగకారక బాక్టీరియాకూ అంతే అవసరం. గంధకం లేనిదే సిస్టీన్, మెథియోనైన్ అనే ఎమైనో ఆమ్లాలు లేవు. అవి లేనిదే ప్రోటీన్లు లేవు. మెథియోనైన్‌ను మన శరీరం తయారు చేసుకోలేదు, తిండి ద్వారానే అందాలి.

1882లో రాబర్ట్ కాక్ కనుగొన్న క్షయ బాక్టీరియా పద్ధతి వేరు. తనను మింగిన తెల్లరక్తకణంలోనే కాపురం పెడుతుంది. సల్ఫేటును పొరలోని ప్రత్యేక ప్రోటీన్ల ద్వారా, ఏటీపీ శక్తి ఖర్చుపెట్టి లోపలికి లాక్కుంటుంది. దాన్ని అంచెలంచెలుగా సల్ఫైడ్‌గా మార్చి సిస్టీన్ తయారు చేసుకుంటుంది. ఆ సిస్టీన్‌తోనే మైకోథయాల్ అనే రక్షక పదార్థాన్నీ చేసుకుని, తెల్లరక్తకణం వదిలే విషాల నుంచి తప్పించుకుంటుంది. సల్ఫేటును సల్ఫైడ్‌గా మార్చే ఎంజైములు మనకు లేవు. కాబట్టి వాటిని అడ్డుకుంటే క్రిమికే దెబ్బ, మనకు కాదు. శాస్త్రవేత్తలు అలాంటి మందుల కోసమే వెతుకుతున్నారు. (సల్ఫా మాత్రలు ఇవే అనుకునేరు! అవి బాక్టీరియాలో ఫోలిక్ ఆమ్లం తయారీని ఆపుతాయి. వాటిలో గంధకం ఉన్నా పనిచేసే తీరు వేరు.)

సెగగడ్డలకు ముఖ్య కారణమైన స్టెఫైలోకాకస్ ఆరియస్‌కు సల్ఫేటు పనికిరాదు. అది మన ఒంట్లో సిద్ధంగా ఉన్న సిస్టిన్, గ్లూటథయోన్‌లను దొంగిలిస్తుంది. ఒక్కోదానికి ఒక్కో ద్వారం. ఒకటి మూస్తే ఇంకోటి ఉండనే ఉంది. ఇనుము కోసమైతే ఏకంగా ఎర్రరక్తకణాలను పగలగొట్టి హిమోగ్లోబిన్‌లోని హీమ్‌ను లాగేస్తుంది.

పోయిన వర్షాకాలం మా గదిలో ఒకరికి లేచిన గడ్డ నెల తిరక్కుండా మరో నలుగురికి అంటుకుంది. నలుగురం ఒకే తువ్వాలు వాడాం, చీము గోళ్ళతో పిండాం. అప్పటికి మాకు ఇవేవీ తెలియవు. గడ్డను పిండకండి, గుడ్డ కప్పి డాక్టరుకు చూపించండి. సబ్బు, తువ్వాలు ఎవరివి వారే వాడండి. దగ్గు రెండు వారాలు దాటితే వార్డెన్‌గారికి చెప్పి కళ్ళె పరీక్షకు వెళ్ళండి. ప్రభుత్వాసుపత్రిలో పరీక్షా మందులూ ఉచితమే.