దేవతలకూ ఓ వాటా!

కొరికితే మొహం చిట్లించాల్సిందే. అంత వగరు, చేదు! అయినా ఫ్రాన్స్‌లోని నార్మండీ రైతులకు ఆ యాపిళ్లంటే అపురూపం. 'కాల్వడోస్' బ్రాందీకి ప్రాణం అవే మరి.

అక్కడి పేయి దోజ్ ప్రాంతంలో చాలా బట్టీలు సందర్శకులను లోపలికి రానిస్తాయి. పళ్లు చితక్కొట్టి, పిండిన రసాన్ని వారాల తరబడి పులియబెడితే సైడర్ అవుతుంది. దాన్ని పెద్ద రాగిబానలో మరిగించి, ఆ ఆవిరిని చల్లబరుస్తారు. ఒకసారి కాదు, రెండుసార్లు. రెండో విడతలో ముందొచ్చేదీ చివరొచ్చేదీ పక్కనపెట్టి నడిమి ధారనే పట్టుకుంటారు. సుమారు 18 కిలోల పళ్లకు చేతికొచ్చేది లీటరు. అదీ నీళ్లలా రంగులేకుండా, 70 శాతం ఆల్కహాల్‌తో... గొంతు దిగదు!

రంగూ రుచీ ఇచ్చేది ఓక్ పీపా. కనీసం రెండేళ్లు అందులో ఉండాలన్నది నిబంధన. ఇరవై, ముప్ఫై ఏళ్లు నిద్రపోయేవీ ఉన్నాయి. ఏటా కొంత ఆవిరైపోతుంది. దాన్ని 'దేవతల వాటా' అంటారు. ఆ ఆవిరికి పెరిగే బూజుతో కొట్టు గోడలు నల్లబారతాయి. దేవతలు తాగిన ఆనవాళ్లన్నమాట!

సొంత తోట పళ్లతో పది లీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాల్ వరకూ పన్ను లేకుండా తీయించుకునే హక్కు ఒకప్పుడు తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. బట్టీ బండే ఊరూరా తిరిగేది. 1960లో ప్రభుత్వం ఆ వారసత్వాన్ని రద్దుచేసింది. పెద్దాయన పోతే ఆ హక్కు పిల్లలకు దక్కేది కాదు. క్రమంగా బళ్లూ అరుదైపోయాయి.

మిగిలిన బట్టీల్లో మాత్రం ఇప్పుడు నింపిన పీపాను తెరిచేది ఏ మనవడో, మనవరాలో. చూడవచ్చినవాళ్లకు చివర్లో ఓ గుక్క రుచి చూపిస్తారు. పిల్లలకైతే చాలాచోట్ల అదే తోట యాపిల్ రసం.