ఏనుగు – అంకుశము

ఏనుగు నమ్మి అంకుశముకడ పేచీ పెట్టినట్లని తెలుగువారిలో నొక సామెత కలదు. పెద్ద వస్తువునకు సమ్మతించి, చిన్నదానికడ పంతము పట్టువానిని చూచి లోకము నవ్వుచు ననుమాట యిది. కాని యేనుగును నడపునది యంకుశమే కదా! అది పరుల చేతిలో నున్నచో నేనుగును కొన్నవాని గతి యేమి? ఈ ప్రశ్నకు 1998వ సంవత్సరమున ఇంగ్లండులో జరిగిన యొక బేరము చక్కని సమాధానము చెప్పుచున్నది.

ఆనాడు అంగడికి వచ్చిన యేనుగు రోల్స్ రాయిస్ మోటారు కంపెనీ. చార్లెస్ రోల్స్, హెన్రీ రాయిస్ అనువారు 1904 మే 4వ తేదీన మాంచెస్టరు నగరములోని మిడ్‌లాండ్ హోటలున కలిసికొన్నప్పుడు ఆ జంటపేరునకు బీజము పడినది. అనతికాలముననే అది ఐశ్వర్యమునకు మారుపేరైనది. భారతదేశపు సంస్థానాధీశులు ఆ కార్లను మక్కువతో తెప్పించుకొనిరి. హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదమునకు పోయినవారు నిజాముల కాలపు పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారును చూచియే యుందురు.

1980 నుండి ఈ మోటారు కంపెనీకి యజమానియైన వికర్స్ అను ఆంగ్లసంస్థ దానిని అమ్మజూపగా, జర్మనీ దేశపు కంపెనీలు రెండు పోటీకి దిగినవి. బి.ఎమ్.డబ్ల్యు. వారు 34 కోట్ల పౌనులు ఇత్తుమనిరి. ఫోక్స్‌వాగన్ వారు 43 కోట్లు ఇత్తుమనిరి. వికర్స్ వాటాదారులు అధికధన మిచ్చువారినే వరించిరి. వారిని తప్పుపట్టుట కేమున్నది? అమ్మువాడు ఎక్కువ ధర కాశపడుట సహజమే.

ఫోక్స్‌వాగన్ వారికి క్రూ పట్టణములోని కర్మాగారము దక్కినది. యంత్రములు, నమూనాలు, పనివారి నేర్పు, బెంట్లీ యను మరియొక కారు పేరు దక్కినవి. కారు మొగమున నుండు జాలీ ఆకారము మీదను, దానిపై నిలిచియుండు స్త్రీమూర్తి మీదను హక్కులు కూడ దక్కినవి. దక్కనిది ఒక్కటే — రోల్స్ రాయిస్ అను పేరు!

ఈ వింతకు కారణము తెలియవలెనన్న కొంత వెనుకకు పోవలెను. రోల్స్ రాయిస్ వారు కార్లనే గాక విమానముల యంత్రములను గూడ నిర్మించెడివారు. ఒక కొత్త విమానయంత్రమునకు పెట్టిన వ్యయము తలకు మించిన భారమై 1971లో ఆ సంస్థ కుప్పకూలినది. ప్రభుత్వము దానిని స్వాధీనము చేసికొనినది. 1973లో మోటారు విభాగమును వేరుచేసి అమ్మివేసిరి. అన్నదమ్ములు వేరుపడినప్పుడు ఇంటిపేరు ఇరువురికిని చెందును. ఇక్కడ అట్లు జరుగలేదు. పేరు విమానయంత్రముల సంస్థకడనే నిలిచినది. మోటారు కంపెనీకి దానిని వాడుకొను అనుమతి మాత్రమే లభించినది. ఇరువది యైదేండ్లు ఆ భేద మెవరికిని పెద్దగా పట్టలేదు. బేరము వచ్చిన దినముననే దాని బరువు తెలిసినది.

ఆ పేరును కార్లకు వాడుకొను హక్కును విమానయంత్రముల సంస్థవారు బి.ఎమ్.డబ్ల్యు. వారి కిచ్చిరి. అందులకు వారు తీసికొనిన సొమ్ము 4 కోట్ల పౌనులు. 43 కోట్లిచ్చినవాని చేతిలో ఏనుగు, 4 కోట్లిచ్చినవాని చేతిలో అంకుశము!

వాణిజ్యశాస్త్రమున ఆస్తులను రెండు తెగలుగా విభజింతురు. భవనములు, యంత్రములు, సరకు మున్నగునవి మూర్తములు. కంటికి కనబడును, చేతికి తగులును. పేరుప్రతిష్ఠలు, ట్రేడ్‌మార్కులు, పేటెంటు హక్కులు మున్నగునవి అమూర్తములు. వీనిలో చిక్కు పెట్టునది గుడ్‌విల్. పాతఖాతాదారులు పాతచోటికే మరల వత్తురను సంభావ్యతయే గుడ్‌విల్ అని 1810లో ఇంగ్లండు న్యాయమూర్తి లార్డ్ ఎల్డన్ ఒక తీర్పులో భావించెను. మన భాగస్వామ్య చట్టము (1932) కూడ గుడ్‌విల్‌ను సంస్థ యాస్తిగనే పరిగణించినది.

దీనిని లెక్క కట్టుట యెట్లు? ఒక బట్టల కొట్టులోని సరకు, బీరువాలు, రావలసిన బాకీలు కలిపి 10 లక్షల రూపాయలని యనుకొందము. తీర్చవలసిన యప్పులు 3 లక్షలు. నికరమైన యాస్తి 7 లక్షలు. కాని కొనువాడు 9 లక్ష లిచ్చెను. ఆ పైరెండు లక్షలును గుడ్‌విల్ క్రింద అతడు తన లెక్కలలో వ్రాసికొనును. ముప్పదియేండ్లు మాట తప్పక వ్యాపారము చేసి ఆ మంచిపేరును గడించిన పాత యజమాని మాత్రము దానిని తన ఆస్తి అప్పుల పట్టికలో నొక్క రూపాయిగనైనను చూపరాదు. నేడు మన దేశములో అమలునందున్న గణకప్రమాణములును ఇట్లే విధించుచున్నవి. స్వయముగా గడించిన కీర్తికి నమ్మదగిన కొలత లేదు. కొన్నదానికి చెల్లించిన ధరయే సాక్ష్యము. ఎవని కీర్తికి వాడే వెల కట్టుకొనవచ్చునన్నచో పట్టికలలో నిజము మిగులదు. కావున ఈ నియమము కఠినమైనను అవివేకము కాదు. అయితే పట్టికలో లేనిది లోకములో లేదని తలచుట మాత్రము అవివేకమే.

బేరసారములందును ఇంతే. ధర, గడువు, సరకు పరిమాణము కాగితముపై కెక్కును. నమ్మకము, పాతస్నేహము, ఎదుటివాని యవసరము కాగితముపై కెక్కవు. విమానయంత్రముల సంస్థకును బి.ఎమ్.డబ్ల్యు. వారికిని 1990 నుండియే ఉమ్మడివ్యాపార ముండెను. అంతేగాక, క్రూ కర్మాగారమునుండి అప్పుడే వెలువడిన కొత్తకార్లకు ఇంజనులు సరఫరా చేయుచున్నదియు బి.ఎమ్.డబ్ల్యు. వారే. ఒక సంవత్సరము ముందుగా తెలిపి వారా సరఫరాను ఆపివేయవచ్చును. అనగా, వేలములో ఓడినవాని చేతిలో రెండు తాళపుచెవులు మిగిలియుండెను.

తుదకు 1998 జూలైలో ఉభయులును రాజీపడిరి. 2002 అంతమువరకు ఫోక్స్‌వాగన్ వారు ఆ పేరుతో కార్లు చేసికొనవచ్చును. పిమ్మట పేరు, జాలీ ఆకారము, స్త్రీమూర్తి అన్నియు బి.ఎమ్.డబ్ల్యు. వారివి. 2003 జనవరి 1వ తేదీన గుడ్‌వుడ్ అనుచోట బి.ఎమ్.డబ్ల్యు. వారు నిర్మించిన కొత్తకర్మాగారమునుండి తొలి రోల్స్ రాయిస్ కారు వెలువడినది. క్రూలోని పాతగోడ లొక్కటియు వారికి అక్కరకు రాలేదు.

అయితే ఫోక్స్‌వాగన్ వారు మోసపోయిరని తొందరపడి తీర్పు చెప్పరాదు. తాము కోరినది బెంట్లీయేనని ఆ పక్షమువారు తరువాత చెప్పుకొనిరి. అది ముందరిమాటయో, పిదప తోచిన సమర్థనయో గాని, 2013లో ఆ కర్మాగారము ఒక్క యేడాదిలో పదివేలకు పైగా బెంట్లీ కార్లను అమ్మగలిగినది. ఎంతోకాలము రోల్స్ రాయిస్ నీడలో అణగియున్న యా రెండవపేరును సాకి పెంచినవారికి అదియు అంకుశమే యైనది.

ఈ న్యాయము కోట్ల వ్యాపారములకే పరిమితము కాదు. ఏ పాఠశాల పట్టికను చూచినను గదులు, బల్లలు, నల్లబల్లలు, ప్రయోగశాలలోని గాజుసామాను లెక్కకు వచ్చును. ఎవని పాఠము వినుటకై పొరుగూరి పిల్లలు సైతము నడచి వత్తురో ఆ యుపాధ్యాయుని పేరు అందుండదు. అతడు బదిలీయై పోయిననాడు ఆస్తిపట్టికలో ఒక్క యంకెయు మారదు. మరుసటి సంవత్సరము హాజరుపట్టీలో పేర్లు తగ్గును.